జూడోలో ‘ఓసోటో గారి’ పట్టు నేర్చుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, కాకినాడ, భీమవరం, రాజమండ్రి, ఎక్కడ జూడో క్లాసు మొదలైనా మొదటి రెండు నెలల్లో పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ అడిగే సందేహాలు ఇవే. వాట్సాప్‌లో ఒక్కొక్కరికీ విడిగా జవాబు ఇచ్చే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. వివరాలన్నీ కుడిచేతి వాటానికి రాశాను. ఎడమచేతి వాటం వాళ్లు కుడి అన్నచోట ఎడమ, ఎడమ అన్నచోట కుడి అని చదువుకోండి.

## చేరక ముందు

ఓసోటో గారి అంటే ఏంటండీ? అందరూ ముందు దీన్నే ఎందుకు నేర్పిస్తారు?

ఎదుటివాడి బరువంతా అతని కుడి మడమ మీదికి వచ్చేలా వెనక్కి ఒరగదీసి, మన కుడి కాలితో అతని కుడి కాలిని వెనక నుంచి ఊడ్చి, వెల్లకిలా పడేసే పట్టు ఇది. జూడోను జిగోరో కానో 1882లో టోక్యోలో మొదలుపెట్టారు. ఆయన పెట్టిన కోడోకాన్ అనే జూడో స్కూలు 1920లో సవరించిన పాఠక్రమంలో 40 త్రోలను (పడేసే పట్లను) 8 చొప్పున అయిదు వరసలుగా సర్దారు. ఓసోటో గారి అందులో మొదటి వరసలోనే ఉంది. ఒంటికాలి మీద గిర్రున తిరగడం, ఎదుటివాణ్ని వీపు మీదికి ఎత్తుకోవడం లాంటివి ఇందులో ఉండవు. మనిషికి ఎదురుగా నిలబడే చేస్తాం కాబట్టి కొత్తవాళ్లకు తొందరగా అర్థమవుతుంది. అలాగని చిన్నపిల్లల పట్టు అనుకోకండి. మసాహికో కిమురా, యసుహిరో యమషితా లాంటి మహామహులకు పేరు తెచ్చిన పట్లలో ఇదొకటి.

మావాడు కబడ్డీ బాగా ఆడతాడు. తొందరగా వచ్చేస్తుందా?

కాళ్లలో బలం, మీదికి వచ్చేవాడంటే భయం లేకపోవడం, ఈ రెండూ చాలా పనికొస్తాయి. ఇబ్బంది ఒక్కటే. సంక్రాంతి పోటీల్లో ఆడినవాడి చేతులు వాటంతట అవే ఎదుటివాడి చీలమండకో తొడకో వెళ్లిపోతాయి. అంతర్జాతీయ జూడో నియమాల్లో బెల్టు కింద చేత్తో పట్టుకోవడాన్ని 2010లో చాలావరకు, 2013లో పూర్తిగా ఆపేశారు. అందుకని కబడ్డీ పిల్లలకు మొదటి నెలంతా ‘చేతులు పైన, చేతులు పైన’ అని చెబుతూనే ఉండాలి. కింద పట్టుకునే అలవాటు పోతే మిగతావాళ్ల కంటే వాళ్లే ముందుంటారు.

కుస్తీలో ఇదే పట్టు ఉంది కదా?

ఉంది. ఫ్రీస్టయిల్‌లో ఇలా కాలు అడ్డేసి పడేస్తారు. గ్రీకో రోమన్‌లో కాళ్లు వాడకూడదు కాబట్టి అక్కడ కుదరదు. జూడోలో జాకెట్ పట్టుకుని చేస్తాం, కుస్తీలో మెడ, చేయి పట్టుకుని చేస్తారు. ఒకటి బాగా వస్తే రెండోది పట్టుబడటానికి ఎక్కువ రోజులు పట్టదు.

ఏ వయసులో మొదలుపెట్టొచ్చు?

ఆరేడేళ్ల పిల్లలు పడటం, దొర్లడం, నేల మీది పట్లు హాయిగా నేర్చుకోవచ్చు. ఓసోటోను నిలబడి పూర్తి విసురుతో వేయడం, వేయించుకోవడం మాత్రం వెనక్కి పడటం బాగా వచ్చిన తర్వాతే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. అది ఒకరికి రెండు నెలల్లో వస్తుంది, ఇంకొకరికి ఆరు నెలలు పడుతుంది. పక్కింటి అబ్బాయి అప్పుడే త్రోలు వేస్తున్నాడు కదా అని మాస్టారిని తొందరపెట్టకండి.

అమ్మాయిలను పంపొచ్చా?

తప్పకుండా పంపండి. ఒలింపిక్స్‌లో 1992 బార్సిలోనా నుంచి మహిళల జూడో పతకాల పోటీగా ఉంది. 2022 కామన్‌వెల్త్ క్రీడల్లో మన దేశానికి జూడోలో వచ్చిన మూడు పతకాల్లో రెండు సుశీలా దేవి, తులికా మాన్ తెచ్చినవే. అమ్మాయిలు జాకెట్ లోపల తెల్లని రౌండ్ నెక్ టీషర్టు వేసుకుంటారు. క్లాసులో ఇంకో అమ్మాయి కూడా ఉండేలా చూసుకుంటే మొదట్లో ఉండే బిడియం తొందరగా పోతుంది.

మ్యాట్లు లేవు. ఇసుకలోనో గడ్డి మీదో నేర్చుకోవచ్చా?

కోనసీమ ఊళ్ల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. ఒక్కోటీ విడిగా చెబుతాను. అంతర్వేది లాంటి చోట అలలు తడిపిన ఇసుక చూడటానికి మెత్తగా ఉన్నా పడితే నేలంత గట్టిగా తగులుతుంది. పొడి ఇసుకలో మనం నిలబడిన కాలే దిగబడిపోతుంది, మోకాలు మెలిక పడుతుంది. వరిగడ్డి కాలికింద జారుతుంది, పైగా ఎక్కడ మందంగా ఉందో ఎక్కడ పలచగా ఉందో తెలీదు. కొబ్బరిపీచు పరుపులు కాస్త నయమే గానీ మోచేతులు, మడమలు గీరుకుపోతాయి, రెండు పరుపుల మధ్య సందులో కాలివేళ్లు ఇరుక్కుంటాయి. అడుగులు, లాగడం, కాలు ఊపడం వీటిలో ఎక్కడైనా చేయండి. మనిషిని పడేయడం మాత్రం సరైన మ్యాట్ మీదే, సందులు లేకుండా పేర్చిన తర్వాతే. పోటీల్లో వాడే మ్యాట్ సుమారు 4 సెంటీమీటర్ల మందం ఉంటుంది. కొత్తవాళ్లకు దాని మీద ఇంకో మందపాటి స్పాంజి పరుపు వేస్తే మంచిది.

## పడటం నేర్చుకునే దశ

చేరి నెలైంది, ఇంకా పడటమే నేర్పిస్తున్నారు. ఫీజు దండగ కాదా?

కాదండి. మీ పిల్లాడు నేర్చుకునే వాటన్నిటిలో విలువైనది అదే. ఓసోటోలో మనిషి నేరుగా వెనక్కి పడతాడు. ముందుకు పడే త్రోల్లో నేల కనబడుతుంది, ఇందులో కనబడదు. పడటం రానివాడికి ముందుగా తగిలేది తల వెనక భాగం. జపాన్ స్కూళ్లలో జూడో వల్ల జరిగిన తీవ్రమైన తల గాయాల మీద వైద్యులు చేసిన అధ్యయనాల్లో ఎక్కువగా కనిపించిన త్రో ఇదే. గాయపడినవాళ్లలో ఎక్కువమంది కొత్తగా చేరినవాళ్లే.

అందుకే వరస తప్పకూడదు. ముందు వెల్లకిలా పడుకుని గడ్డం ఛాతీకి ఆనించి, కళ్లతో బెల్టు ముడి చూస్తూ రెండు చేతులతో మ్యాట్‌ను కొట్టడం. తర్వాత కూర్చుని వెనక్కి దొర్లడం. తర్వాత గొంతుక్కూర్చుని, ఆ తర్వాత నిలబడి. చివరికి ఎదుటివాడు స్లీవ్ పట్టుకుని మెల్లగా దించుతుంటే పడటం. ఏ మెట్టు దగ్గరైనా తల వెనక్కి వేలాడితే మళ్లీ కింది మెట్టుకు రావాలి. కొంతమంది పిల్లలు పది సార్లు బాగా పడి, అలసిపోయాక పదకొండోసారి మెడ వదిలేస్తారు. మెడ కండరాలు అలసినట్టు కనబడితే ఆ రోజుకు ఆపేయించడమే మంచి మాస్టారు చేసే పని.

పడేటప్పుడు చేత్తో మ్యాట్‌ను ఎందుకు కొట్టాలి?

వెనక్కి పడుతుంటే ఎవరికైనా చేయి వెనక్కి ఆనించాలనిపిస్తుంది. అలా ఆనిస్తే మణికట్టో మోచెయ్యో విరుగుతుంది. కొట్టడం అలవాటైన చేయి వెనక్కి పోదు. చేయి ఒంటికి మరీ దగ్గరగా, మరీ దూరంగా కాకుండా కొంచెం ఎడంగా చాచి, అరచేయి నుంచి మోచేయి దాకా ఒకేసారి తగలాలి. ఆ క్షణంలో ఊపిరి వదలాలి. బిగపట్టుకుంటే కాసేపు ఊపిరాడనట్టు అవుతుంది.

పడేటప్పుడు ఎదుటివాడి మెడ పట్టుకుని వేలాడొచ్చా?

వద్దు. అలా పట్టుకుంటే అతనూ మీతోపాటు మీ మీదే పడతాడు. అతని మోచెయ్యో భుజమో మీ పక్కటెముకల మీద దిగుతుంది.

మావాడి తల మ్యాట్‌కు తగిలింది. ఇప్పుడు బాగానే ఉన్నాడు. రేపు పంపొచ్చా?

వద్దు. ముందు ఆ రోజు సాధన అక్కడితో ఆపేయాలి, ఎంత బాగున్నానన్నా సరే. ఒకటి రెండు రోజులు ఒంటరిగా వదలకండి. తలనొప్పి పెరగడం, వాంతులు, మగతగా ఉండటం, మాట తడబడటం, చూపు రెండుగా కనబడటం, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆలస్యం చేయకుండా సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్ వేయించి పడుకోబెట్టడం చాలా ఇళ్లలో జరుగుతుంది. దయచేసి ఆ పని చేయకండి. మెదడు చుట్టూ రక్తస్రావం మొదలైతే గంటలే ముఖ్యం. రాత్రిపూట రేవు దాటాల్సిన లంక గ్రామాల వాళ్లయితే లక్షణాలు ముదిరేదాకా ఆగకుండా ముందే బయల్దేరండి.

ఏ లక్షణమూ లేకపోయినా డాక్టరు చూసి సరేనన్న తర్వాతే మ్యాట్ ఎక్కించాలి. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే ప్రాణానికే ప్రమాదం. తల నేలకు తగలకపోయినా, ఆ విసురుకు మెడ గట్టిగా ఊగినా లోపల గాయం కావచ్చు. కాబట్టి ‘తల తగల్లేదు, ఊరికే తిరుగుతోంది అంటున్నాడు’ అనుకుని వదిలేయకండి.

## పట్టు నేర్చుకునే దశ

చేతులు ఎక్కడ పట్టుకోవాలి?

ఎడమచేత్తో అతని కుడి స్లీవ్‌ను మోచేతి కింద, కుడిచేత్తో అతని ఎడమ కాలర్‌ను కంఠం ఎముక ఎత్తులో. బట్టను చిటికెన వేలు, ఉంగరపు వేలితో బిగించండి, చూపుడు వేలు వదులుగా ఉన్నా పర్లేదు. పిడికిలి అంతా బిగిస్తే భుజాలు కూడా బిగుసుకుపోతాయి.

మొదటి అడుగు ఎక్కడ వేయాలి? వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కోలా చూపిస్తున్నారు.

ఎడమ పాదం అతని కుడి పాదానికి బయటవైపు, జానెడు ఎడంలో, దాదాపు అతని మడమకు సమానంగా పడాలి. వేళ్లు ముందుకే చూడాలి, మోకాలు కొంచెం వంగి ఉండాలి. పోటీ ఆటగాళ్లు గెంతుతూ, దూరం నుంచి, రకరకాలుగా వస్తారు. అవి వాళ్ల ఒంటికి తగ్గట్టు మలుచుకున్నవి, నేర్చుకునేటప్పుడు వాటి జోలికి పోవద్దు.

ఎక్కువమంది చేసే పొరపాటు పాదం అతని వేళ్లకు సమానంగా వేసి ఆగిపోవడం. అప్పుడు మీ ఛాతీకీ అతని ఛాతీకీ మధ్య మూరెడు ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీ పూడ్చడానికి నడుము వంచి కాలు చాస్తారు, బ్యాలెన్స్ మీదే పోతుంది. పార్ట్‌నర్‌ను నిలబెట్టి, అతని మడమ పక్కన మ్యాట్ మీద చాక్‌పీసుతో చిన్న గీత పెట్టండి. చేతులు వదిలేసి ఆ గీత మీద పాదం వేయడం, వెనక్కి రావడం. అది వచ్చాక స్లీవ్ పట్టుకుని అదే అడుగు. గీత వైపు చూడకుండానే పాదం అక్కడ పడేదాకా ఇంతే. విసుగ్గా ఉంటుంది, నిజమే. కానీ ఈ అడుగు కుదిరినవాడికి మిగతాదంతా దాని వెనకే వస్తుంది.

ఎంత బలంగా కాలు కొట్టినా మనిషి పడటం లేదు. ఎందుకు?

అతను ఇంకా రెండు కాళ్ల మీద నిటారుగా ఉన్నాడు కాబట్టి. మన దగ్గర ఇళ్ల మధ్య కొబ్బరిచెట్టు కొట్టేవాళ్లను చూడండి. ముందు పైన మోకు కట్టి, పడాల్సిన వైపు ఒరిగేలా లాగి ఉంచుతారు, ఆ తర్వాతే మొదలు మీద గొడ్డలి వేస్తారు. ఇక్కడా వరస అదే.

ఎడమచేత్తో స్లీవ్‌ను మీ తుంటి వైపు కిందకి లాగుతూ, కుడిచేత్తో కాలర్‌ను కొంచెం పైకి, అతని కుడి భుజం వెనకవైపుకి నెట్టాలి. మీ కుడి ఛాతీ అతని కుడి ఛాతీకి అతుక్కోవాలి. సరిగ్గా జరిగిందో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. అతని ఎడమ పాదం చూడమని పక్కనున్నవాళ్లకు చెప్పండి. ఆ పాదం తేలికై, మడమ పైకి లేస్తుంటే బరువంతా కుడి మడమ మీదికి వచ్చినట్టు. రెండు పాదాలూ మ్యాట్‌కు అతుక్కునే ఉంటే కాలు ఎత్తకండి, మళ్లీ మొదలుపెట్టండి.

నా కాలు అతని కాలికి ఎక్కడ తగలాలి?

మీ తొడ వెనక భాగం అతని తొడ వెనక భాగానికి, లేదా మీ పిక్క అతని మోకాలి వెనక కాస్త పైకి. ముందు మీ కుడి కాలు అతని పక్కనుంచి ముందుకు దాటాలి, వేళ్లు సాచి ఉండాలి. అక్కణ్నుంచి వెనక్కి, పైకి ఊడ్చాలి. కాలు వెనక్కి లేచే కొద్దీ తల, ఛాతీ ముందుకు వంగాలి. మడమతో అతని చీలమండను తగిలించి గీకడం, మోకాలికి పక్కనుంచి కొట్టడం ఈ పట్టులో లేవు.

ఇందులో మోకాలు దెబ్బతింటుందా?

సరిగ్గా వెనక నుంచి ఊడ్చితే అతని కాలు సహజంగా ముందుకు లేచిపోతుంది, మోకాలికి ఏమీ కాదు. పక్కనుంచి బరువు వేసినా, పాదం మ్యాట్‌లో ఇరుక్కుని ఉండగా తిప్పినా లిగమెంట్ తెగుతుంది. కాలికి కాలు మెలేసి వెనక్కి పడేసే ‘కవాజు గాకే’, కత్తెరలా రెండు కాళ్లు వేసే ‘కానీ బసామి’ పట్లను పోటీల్లో నిషేధించింది ఇందుకే. ఓసోటో వేయబోయి కాలు మెలిక పడితే పట్టు అక్కడే వదిలేయండి. గెలుపు కోసం లాగొద్దు.

త్రో వేయబోయి నేనే వెనక్కి పడిపోతున్నాను.

మీ తల ఎటు ఉందో ఎవరినైనా ఫోన్‌లో వీడియో తీయమనండి. దాదాపు ప్రతిసారీ తల వెనక్కి వాలి ఉంటుంది, చూపు పైకప్పు మీద ఉంటుంది. అప్పుడు ఎదుటివాడు మీ పట్టునే మీ మీద తిప్పేస్తాడు, దాన్ని ఓసోటో గాయేషి అంటారు. చూపు అతని వెనక మ్యాట్ మీద, మీరు అతన్ని పడేయాలనుకున్న చోట ఉంచండి.

పడేశాక పార్ట్‌నర్ మీద పడిపోతున్నాను. పర్లేదా?

నేర్చుకునే దశలో అస్సలు కుదరదు. అతని స్లీవ్ చివరి దాకా మీ ఎడమచేతిలో ఉండాలి, పడే క్షణంలో దాన్ని కొంచెం పైకి లాగాలి. ఆ ఒక్క లాగుడు అతని భుజాన్ని, దానితోపాటు తలను మ్యాట్ నుంచి పైకి ఉంచుతుంది. పార్ట్‌నర్‌ను కాపాడుతూ నిలబడి ముగించలేనివాడికి వేగం పెంచే హక్కు లేదని నేను గట్టిగా నమ్ముతాను. క్లాసులో ఎవరు బాగా నేర్చుకున్నారో తెలుసుకోవాలంటే ఎవరెంత గట్టిగా పడేశారో చూడక్కర్లేదు. ఎవరితో పడటానికి మిగతా పిల్లలు వరసలో నిలబడుతున్నారో చూడండి.

నేను పొట్టి. పొడుగువాళ్లకే వస్తుందంటారు కదా?

పొడుగు కాళ్లవాళ్లకు సులువు, అది నిజం. పొట్టివాళ్లు ఇంకా దగ్గరికి వెళ్లాలి, కాలర్ పట్టు కొంచెం కింద ఉంచుకోవాలి, ఎదుటివాడు ముందుకు వంగి ఉన్నప్పుడు దీన్ని వాడకూడదు. కాలు పైకి ఊడ్చే బదులు అతని కాలి వెనక అడ్డంగా దించి పడేసే ఓసోటో ఓతోషి చాలామందికి బాగా కుదురుతుంది.

## సాధన పెంచే దశ

కిమురా చెట్టు మీద ప్రాక్టీస్ చేశాడట. మా పెరట్లో కొబ్బరిచెట్లున్నాయి, చేయొచ్చా?

కిమురా చెట్టు మీద సాధన చేసిన మాట ఆయన చెప్పుకున్నదే. ఆయన అప్పటికే ఆరితేరినవాడు. పిల్లలు చెట్టును తంతే పిక్క కమిలిపోతుంది, మడమ వెనక నరం వాస్తుంది. అంతకంటే పెద్ద నష్టం, చెట్టు ఒరగదు కాబట్టి ఒరగదీయకుండానే కాలు కొట్టడం అలవాటైపోతుంది. ఆ చెట్టుకే పాత సైకిల్ ట్యూబు కట్టండి. రెండు కొసలూ స్లీవ్, కాలర్ అనుకుని పట్టుకుని, అడుగు వేస్తూ లాగండి. వేరేగా, అరుగు స్తంభాన్ని పట్టుకుని కాలు ముందుకూ వెనక్కీ ఊపడం చేయండి, వెనక్కి వచ్చినప్పుడు ఛాతీ ముందుకు వంగాలి. పైనుంచి కాయలు, మట్టలు పడే చెట్టు కింద మాత్రం వద్దు.

రోజుకి ఎన్ని ఉచికోమిలు (పడేయకుండా పట్టు దాకా వచ్చి ఆగే సాధన) చేయాలి?

లెక్క కంటే తీరు ముఖ్యం. పది చొప్పున చేసి ఆగండి, అడుగు ఎక్కడ పడిందో చూసుకోండి, మళ్లీ పది. అడుగు చెదరడం మొదలైతే ఆ రోజుకు చాలు.

నిలబడి ఉన్నవాడి మీద బాగా వస్తుంది, రాండోరిలో (ఇద్దరూ ఎదురు తిరుగుతూ చేసే సాధనలో) ఒక్కసారీ పడటం లేదు. టెన్షన్ వస్తోంది.

అందరికీ ఇదే జరుగుతుంది, నెలల తరబడి జరుగుతుంది. రాండోరిలో ఎవరూ మీ కోసం మడమ మీద బరువేసి నిలబడరు. కాబట్టి అతని కుడి పాదం నేలకు ఆనబోయే క్షణాన్ని పట్టుకోవాలి. ముందు ఇద్దరూ ఒప్పుకుని నడుస్తూ చేయండి. అతను కుడికాలు ముందుకు వేస్తాడు, పాదం దిగుతుండగా మీ ఎడమకాలు పక్కన దిగాలి.

తర్వాత రెండు పట్లు కలపండి. నాకు బాగా నచ్చింది ససాయే త్సురికోమి ఆషితో కలపడం. ఎడమ అరికాలితో అతని కుడి చీలమండను అడ్డుకుని ముందుకు లాగితే అతను పడకుండా వెనక్కి బిగుసుకుంటాడు. ఆ అరికాలిని అలాగే అతని పాదం పక్కన దించండి. ఓసోటోకి కావాల్సిన అడుగు అప్పటికే పడిపోయింది, అతని బరువు కూడా వెనక్కి వచ్చేసింది.

ఎదుటివాడు ఎడమచేతి వాటమైతే?

అతని కుడికాలు దూరంగా వెనక ఉంటుంది. కొత్తవాళ్లు అక్కడిదాకా చాచి వేయబోతే తిరగబడుతుంది. కొన్నాళ్లు అతని మీద వేరే పట్లు వాడండి.

## పోటీకి వెళ్లేవాళ్లకు

ఎలా పడేస్తే ఇప్పన్ (ఆటను అక్కడితో గెలిపించే పూర్తి పాయింటు) ఇస్తారు?

వీపు పూర్తిగా తగలాలి, వేగం, బలం ఉండాలి, పడేదాకా అదుపు మీ చేతిలో ఉండాలి. ఏదైనా తగ్గితే వజారి, అంటే సగం పాయింటు. రెండు వజారిలు ఇప్పన్‌తో సమానం. అంతకంటే తక్కువ దానికి ఇచ్చే యూకోను 2025 నుంచి మళ్లీ తెచ్చారు. ఇప్పన్ రాలేదని ఆగి రిఫరీ వైపు చూడకండి. స్లీవ్ మీ చేతిలోనే ఉంటుంది కాబట్టి అలాగే పక్కన కూర్చుని, అతన్ని నేలకు అదిమే కేసా గతామే పట్టేయండి. 20 సెకన్లు అదిమిపడితే ఇప్పన్, 10 సెకన్లు దాటితే వజారి.

## మన వాతావరణంలో

ఎండాకాలం క్లాసు ఉంటుందా?

రోహిణి కార్తెలో ఉదయం ఏడు లోపే ముగించాలి. కోస్తా ఉక్కలో జాకెట్ లోపల చెమట ఆరదు. మధ్యమధ్యలో నీళ్లు, చిటికెడు ఉప్పు వేసిన మజ్జిగ తాగించండి. తల తిరుగుతోందన్న పిల్లాడిని ఆ రోజు ఎవరికీ పార్ట్‌నర్‌గా ఇవ్వొద్దు.

వానాకాలంలో జాకెట్ ఆరడం లేదు. తడిదే వేసుకోవచ్చా?

వద్దు. తడి జాకెట్ వల్ల తామర వస్తుంది, ఒకరికి వస్తే మ్యాట్ ద్వారా బ్యాచ్‌లో మిగతావాళ్లకూ అంటుకోవచ్చు. రెండో జాకెట్ కొనలేకపోతే సాధన అయిన వెంటనే ఉతికి ఫ్యాన్ కింద విప్పదీసి ఆరేయండి, సంచిలో కుక్కి ఉంచొద్దు. గుండ్రని ఎర్ర మచ్చలు కనబడితే చర్మం డాక్టరుకు చూపించి, తగ్గేదాకా మ్యాట్ ఎక్కొద్దు. షాపులో అడిగి కొనే స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాస్తే మొదట తగ్గినట్టుండి తర్వాత ఇంకా ముదురుతుంది. మ్యాట్లను కూడా రోజూ తుడిచి, వారానికి ఒకసారైనా లేపి గోడకు నిలబెట్టి కింద నేల ఆరనివ్వాలి.